కార్బురేటర్‌ని ఆఖర్న విప్పండి

సెకండ్‌హ్యాండ్ బండి కొన్నాక ఏ చిన్న తేడా వచ్చినా మన ఊళ్లలో మొదట వినపడే మాట "కార్బురేటర్ ప్రాబ్లం". కార్బురేటర్ అంటే పెట్రోలుని గాలిలో కలిపి ఇంజన్‌కి అందించే భాగం. పొద్దున్నే స్టార్ట్ కాకపోతే కార్బురేటర్. సిగ్నల్ దగ్గర ఆగిపోతే కార్బురేటర్. పికప్ లేకపోయినా, మైలేజీ పడిపోయినా, సైలెన్సర్లో టప్ టప్‌మని పేలినా అన్నిటికీ అదే. షెడ్డులో బండికి స్టాండు వేసీ వేయకముందే స్క్రూడ్రైవర్ దాని మీదికి వెళ్తుంది. నేను చెప్పదలచుకున్నది దీనికి పూర్తిగా ఎదురు. పాత బండిలో అనుమానించాల్సిన వాటిలో కార్బురేటర్ ఆఖరిది. దానికంటే ముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి. అవేవీ చూడకుండా దాని మీద చెయ్యి వేయడం వల్లే బాగా నడవాల్సిన బళ్లు కూడా చెడిపోతున్నాయి.

చెయ్యి దాని మీదికే ఎందుకు పోతుందో అర్థం చేసుకోవచ్చు. అది అందేచోట ఉంటుంది. బయటికి రెండు స్క్రూలు కనపడుతుంటాయి. తిప్పగానే ఇంజన్ శబ్దం మారుతుంది. శబ్దం మారిందంటే ఏదో బాగుపడిందనే నమ్మకం బండి ఓనరుకి కలుగుతుంది. అదే ట్యాపెట్లు, అంటే వాల్వుల దగ్గరుండే సందు, చూడాలంటే ఇంజన్ చల్లారేదాకా ఆగాలి, పైన మూతలు విప్పాలి, సందు కొలిచే పల్చటి రేకు, అంటే ఫీలర్ గేజ్ పట్టాలి. అంతసేపు కూర్చునే ఓపిక బండి తెచ్చినవాడికీ ఉండదు, చూసేవాడికీ ఉండదు. యాక్సిలేటర్ తిప్పకుండా ఇంజన్ తిరగడాన్నే స్లో అంటారు. ఆ స్లో నిలబడని బండికి స్లో స్క్రూ బిగించి పంపేయడం కాలు విరిగినవాడి చేతికి కర్ర ఇచ్చి "నడుస్తున్నావుగా" అన్నట్టుంటుంది. నడుస్తాడు, నిజమే. కాలు మాత్రం అలాగే ఉంటుంది.

"ఇంకా కార్బురేటర్ గొడవ ఎవరికి కావాలి?" అని అడిగేవాళ్లున్నారు. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక షోరూముల్లో కొత్త బళ్లు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారిపోయిన మాట వాస్తవమే. కానీ రోడ్డు మీద చూడండి. పాల క్యాన్లు కట్టుకుని తెల్లవారుజామున తిరిగేది పాత స్ప్లెండరే. పొలానికి మందు డబ్బా తీసుకెళ్లేది ప్యాషనో ప్లాటినానో. డెలివరీ కుర్రాళ్లలో చాలామంది నడిపేది ఇద్దరు ముగ్గురి చేతులు మారిన పల్సర్. కొత్త బండి ధర అందనంతగా పెరిగిన రోజుల్లో వీళ్లంతా కార్బురేటర్ బళ్లనే కొంటారు, ఇంకా చాలా ఏళ్లు కొంటారు. మరోపక్క షెడ్లలోకి కొత్తగా వచ్చే కుర్రాళ్లు స్కానర్ పెట్టి కోడ్ చదవడం నేర్చుకుంటున్నారు. పెట్రోలు పాలు పెంచే చోక్‌ని సగం లాగి ఇంజన్ చెప్పేది వినడం వాళ్లకి నేర్పేవాళ్లు తగ్గిపోతున్నారు. అందుకే ఈ విషయం బండి నడిపేవాళ్లకే కాస్త తెలియాలని నా పట్టుదల.

ముందు అది చేసే పనేంటో చూద్దాం. కార్బురేటర్ మధ్యలో గొట్టం ఒకచోట ఇరుకవుతుంది. ఇంజన్ లోపలికి లాగే గాలి ఆ ఇరుకులో వేగం పుంజుకుంటుంది, అక్కడ పీడనం తగ్గుతుంది. కింద గిన్నెలో ఉన్న పెట్రోలు సన్నటి రంధ్రాల గుండా పైకి లేచి ఆ గాలిలో తుంపరగా కలుస్తుంది. గిన్నెలో పెట్రోలు ఒకే మట్టంలో ఉండేలా ఫ్లోటు, దాని పిన్ను చూసుకుంటాయి. మట్టం పెరిగితే ఫ్లోటు లేచి పిన్నుని తోస్తుంది, దారి మూసుకుంటుంది. కరెంటు లేదు, సెన్సర్ లేదు. బరువులో దాదాపు 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు కలవాలన్న లెక్కకి దగ్గరగా, కేవలం రంధ్రాల కొలతలతో, ఎండలోనూ వానలోనూ ఇది నడిపిస్తుంది. ఇంత సూటిగా చేసిన వస్తువు నిర్లక్ష్యానికి గురవడం నాకు బాధగా ఉంటుంది.

వెతుకులాటకి అసలు తాళంచెవి ఇక్కడే ఉంది. యాక్సిలేటర్ ఎంత తిప్పారన్నదాన్ని బట్టి కార్బురేటర్లో వేరే వేరే భాగాలు పనిచేస్తాయి. స్లోలోనూ, కాస్త తిప్పినప్పుడూ పెట్రోలు ఇచ్చేది చిన్న జెట్టు, అంటే సన్నటి రంధ్రమున్న ఇత్తడి ముక్క. దాన్నే పైలట్ జెట్ అనీ స్లో జెట్ అనీ అంటారు. పావు నుంచి ముప్పావు దాకా, గాలి దారిని తెరిచి మూసే స్లైడుకి వేలాడే సూది రాజ్యం. ముప్పావు దాటాక మెయిన్ జెట్. కాబట్టి "బండి మిస్సింగ్ కొడుతోంది" అంటే చాలదు. ఎప్పుడు? నిలబడి ఉన్నప్పుడా, నలభైలో సాఫీగా పోతున్నప్పుడా, గట్టెక్కేటప్పుడు పూర్తిగా తిప్పినప్పుడా? స్లో నిలబడదుగానీ అరవైలో బ్రహ్మాండంగా పోతుందంటే మెయిన్ జెట్ మీద అనుమానమే అక్కర్లేదు. స్లో బాగుండి పూర్తిగా తిప్పితే గొంతు పట్టేస్తోందంటే చిన్న జెట్టుని ముట్టుకోవడం వృథా. మెకానిక్ దగ్గరికి వెళ్లేముందు ఈ ఒక్క సంగతి గమనించి చెప్పగలిగితే అతని పని సగం తేలిక చేసినట్టే.

మా బామ్మర్ది కిందటేడు 2010 నాటి స్ప్లెండర్ ప్లస్ కొన్నాడు. పొద్దున చోక్ లేకుండా కదలదు. ట్రాఫిక్‌లో ఆగితే ఆరిపోతుంది. పరుగులో యాక్సిలేటర్ వదిలితే సైలెన్సర్ పేలుతుంది. హైవే మీద మాత్రం ఏ బాధా లేదు. అప్పటికే ఒకచోట "బాడీ అరిగిపోయింది, కార్బురేటర్ మొత్తం మార్చాలి" అన్నారట.

"బావా, కొత్తది వేయించేద్దామా? రేపు తెమ్మన్నాడు."

"తొందరేముందిరా. ఇంజన్ కాస్త వేడెక్కనీ, చూద్దాం."

వేడెక్కాక రేజ్ ఇచ్చి వదిలితే శబ్దం టక్కున కిందికి దిగాలి. అది దిగట్లేదు. ఒకట్రెండు క్షణాలు పైనే వేలాడి మెల్లగా దిగి, మరీ కిందికి పోయి ఆరిపోతోంది. అది పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైందనడానికి గుర్తు. చోక్ సగం లాగాను. వేడి ఇంజన్‌కి చోక్ వేస్తే మామూలుగా ముక్కాలి, ఇది పైగా నిలకడగా తిరగడం మొదలెట్టింది. ఇంక అనుమానం లేదు. స్లోలో గాలి ఎక్కడినుంచో అదనంగా దూరుతోంది. పూర్తిగా తిప్పినప్పుడు ఇంజన్ లాగే గాలి ఎంతో ఎక్కువ కాబట్టి ఆ చిన్న సందు లెక్కలోకి రాదు. స్లోలో లాగేది కొంచెమే కాబట్టి అదే సందు బండిని ఆపేస్తుంది. హైవే మీద బాగుండటం, ఊళ్లో ఆగిపోవడం రెండూ దీంతోనే సరిపోయాయి.

స్ప్లెండర్లో కార్బురేటరుకీ ఇంజన్‌కి వెళ్లే గొట్టానికీ మధ్య వేడి తగలకుండా ఒక నల్లటి ఇన్సులేటర్ ముక్క ఉంటుంది. గాలి దూరకుండా దానికి ఓరింగు. మొక్కలకి కొట్టే స్ప్రే సీసాతో ఆ అతుకు మీద సన్నగా నీటి తుంపర కొట్టాను. ఒక్క క్షణం ఇంజన్ శబ్దం మారింది. సందు దొరికింది. ఈ పరీక్షకి కొందరు పెట్రోలు చల్లుతారు. దయచేసి ఎవరూ ఆ పని చెయ్యొద్దు. వేడి సైలెన్సర్ బెండు పక్కన పెట్రోలు చల్లడమంటే నిప్పుతో ఆడటమే. నీళ్లు చాలు.

ఇంజన్ ఆపి, చల్లారాక రెండు బోల్టులు విప్పితే ఓరింగు బయటికొచ్చింది. గుండ్రంగా ఉండాల్సిన రబ్బరు పైనా కిందా అణిగి బల్లపరుపుగా తయారైంది. వేళ్ల మధ్య పెట్టి వంచగానే ఎండిన చింతతొక్కలా పుటుక్కున విరిగింది. కార్బురేటర్ అంచు వంగిందేమోనని అద్దం ముక్క మీద ఆనించి చూశాను, చదునుగానే ఉంది. కొత్త ఓరింగు వేసి బిగించి స్టార్ట్ చేస్తే బండి ఒక్కసారిగా పెద్ద రేజ్‌లో అరిచింది. ఎందుకంటే పాత సందుని కప్పిపుచ్చడానికి ఎవరో స్లో స్క్రూని దాదాపు లోపలిదాకా బిగించేశారు. దాన్ని వెనక్కి తిప్పి, గాలి పెట్రోలు పాళ్లు మార్చే మిశ్రమం స్క్రూ మళ్లీ సరిచేస్తే బండి కుదురుకుంది. కార్బురేటర్ బాడీకి ఏమీ కాలేదు. ఇప్పటికీ అదే నడుస్తోంది.

పాత బండితో వచ్చే చిక్కు ఇదే. జబ్బు ఒకటే ఉండదు, దాని మీద అంతకుముందు చేతులు పూసిన పూతలుంటాయి. ఒకాయన స్లో పెంచుతాడు. స్లో పెంచితే దిగడం ఆలస్యమవుతోందని ఇంకొకాయన మిశ్రమం మారుస్తాడు. మైలేజీ రావట్లేదని మూడో ఆయన సూది దించుతాడు. కొన్నవాడి చేతికి వచ్చేసరికి ఏది కంపెనీ అమరికో, ఏది ఎవరి పుణ్యమో చెప్పలేం. అందుకే ముందు బయటివన్నీ చూసి తేల్చుకోవాలి.

బయటివి అంటే మొట్టమొదట పెట్రోలు వచ్చే దారి. కాసేపు నడిచి ఆగిపోయి, పావుగంట నిలిపితే మళ్లీ స్టార్టయ్యే బండిని చూస్తే ట్యాంకు మూత గుర్తుకు రావాలి. మూతలో గాలి దూరే సన్నటి దారి మట్టితో పూడుకుపోతే ట్యాంకు లోపల శూన్యం ఏర్పడి పెట్రోలు కిందికి దిగదు. ఆగినప్పుడు మూత తెరిచి మూసి స్టార్ట్ చేయండి. వెంటనే అందుకుంటే దొంగ దొరికాడు. దాని తర్వాత ట్యాంకు కింది పెట్రోలు కుళాయి, అంటే కాక్. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పైపు పీకి సీసాలోకి వదిలితే ధార ఆగకుండా రావాలి. చుక్కలుగా వస్తే కాక్ లోపలి జాలీకి తుప్పు పట్టుకుందన్నమాట. ఏళ్ల తరబడి రిజర్వ్‌లోకి వెళ్లని బండిని మొదటిసారి రిజర్వ్‌లో పెట్టినప్పుడు అడుగున పేరుకున్న మురికంతా కదిలి గిన్నెలోకి దిగడం కూడా మామూలే. అలాంటప్పుడు కార్బురేటర్ కడిగితే వారం బాగుంటుంది, మళ్లీ మొదటికొస్తుంది. కడగాల్సింది ట్యాంకు.

ప్లగ్గు తీసి దాని మొహం చూడండి. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే తక్కువ. కాఫీ పొడి రంగుకి దగ్గరగా ఉంటే అంతా బాగున్నట్టు. నల్లగా, తడిగా, జిడ్డుగా ఉంటే అది ఆయిలు. పిస్టన్ రింగులో వాల్వు సీళ్లో అరిగాయి, దానికి ఏ జెట్టూ మందు కాదు. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయినా ప్లగ్గు నల్లబడుతుంది. అందుకని ఫిల్టర్ చూడకుండా జెట్టు తగ్గించకూడదు. కొందరు ఫిల్టర్ పీకేసి నడుపుతారు, "గాలి బాగా ఆడుతుంది" అని. మన రోడ్ల దుమ్ము నేరుగా సిలిండర్లోకి పోతే బోరింగ్ పని ఎంత త్వరగా వస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

ట్యాపెట్లనైతే నేను మరీ మరీ అడుగుతాను. వాల్వు బిగుతుగా ఉండి పూర్తిగా మూసుకోకపోతే కంప్రెషన్, అంటే సిలిండర్లో నొక్కుకున్న పీడనం, కారిపోతుంది. వేడెక్కాక ఆ బిగుతు మరింత పెరుగుతుంది. బండి చల్లగా ఉన్నప్పుడు బాగా స్టార్టయి, వేడి మీద ఆపితే ఇంక కిక్కుకి లొంగదు. స్లో నిలవదు. వినడానికి అన్నీ కార్బురేటర్ లక్షణాలే. ట్యాపెట్ శబ్దం వస్తే జనం భయపడతారు, శబ్దం లేకపోతే సంతోషిస్తారు. శబ్దమే లేకుండా బిగించేసిన ట్యాపెట్టు వాల్వుని కాల్చేస్తుంది. ఆ మోడల్ బుక్‌లో ఇచ్చిన సందు ఫీలర్ గేజ్‌తో పెట్టించుకోండి, చెవితో కాదు. సైలెన్సర్ పేలుతుంటే బెండు మొదట్లో గ్యాస్కెట్ పోయిందేమో చూడండి. పికప్ లేదంటే మొదట వెనక చక్రాన్ని ఎత్తి చేత్తో తిప్పండి, బ్రేక్ పట్టేసి ఉందేమో. ఇంజన్ అరుస్తూ బండి మాత్రం కదలట్లేదంటే క్లచ్ ప్లేట్లు.

ఇప్పుడు మైలేజీ సెట్టింగ్. దీని మీద నాకు చాలా గట్టి అభిప్రాయం ఉంది. "మైలేజీకి పెట్టాను సార్" అంటూ చేసే పని సాధారణంగా రెండు రకాలు. మొదటిది బయటి మిశ్రమం స్క్రూ తిప్పడం. ఆ స్క్రూ పలుకుబడి స్లో దగ్గరా, కొంచెం తిప్పినప్పుడూ మాత్రమే. యాభైలో పోయే బండి తాగే పెట్రోలుని అది దాదాపు మార్చలేదు. మారేది ఒకటే, సిగ్నల్ దగ్గర బండి ఆరిపోవడం. రెండోది స్లైడు తీసి సూది మీది క్లిప్పుని పై గాడిలోకి మార్చి సూదిని దించడం. దీంతో పెట్రోలు నిజంగానే తగ్గుతుంది. దాంతోపాటు మంట వేడెక్కుతుంది, ఇంజన్ కుదుపుతుంది, అదే వేగానికి మీరు యాక్సిలేటర్ ఇంకొంచెం ఎక్కువ తిప్పుతారు. సీసాలో వంద మిల్లీలీటర్లు పోసి తిప్పి చూపించే పరీక్షలో ఒకటి రెండు కిలోమీటర్లు పెరిగినట్టు కనపడొచ్చు. ఆర్నెల్లకి వాల్వులు, పిస్టన్ ఏ స్థితిలో ఉన్నాయో ఆ సీసా చెప్పదు. కంపెనీ వాళ్లు ఆ గాడి ఊరికే ఎంచుకోలేదు. మైలేజీ కావాలంటే టైర్లలో గాలి సరిగా పెట్టించండి, చైను శుభ్రం చేసి ఆయిల్ రాయండి, పట్టేసిన బ్రేకు వదులు చేయించండి, ఫిల్టర్ మార్చండి.

దీనికి మెకానిక్‌లని ఒక్కళ్లనే తప్పు పట్టను. పది నిమిషాల్లో అయిపోవాలి, వంద రూపాయల్లో తేలాలి, మైలేజీ పెరగాలి అని అడుగుతున్నది మనమే. "ఏమీ మార్చలేదు సార్, గంటసేపు చూసి ఓరింగు వేశా, మూడొందలివ్వండి" అన్న మనిషితో బేరమాడతాం. కొత్త కార్బురేటర్ డబ్బా చూపించి రెండు వేలు అడిగినవాడికి నోరెత్తకుండా ఇస్తాం. వస్తువుకి డబ్బిస్తాం, వెతికిన తెలివికి ఇవ్వం. ఇలా ఉన్నంతకాలం వెతికే మెకానిక్ నష్టపోతూనే ఉంటాడు.

ఈ మధ్య ఇథనాల్ మాట ఎక్కువగా వినపడుతోంది. 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలైన ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2025 నాటికి దేశమంతా వచ్చేసింది. పాత బండి వాళ్ల ఆందోళన వట్టి పుకారు కాదు. పూర్తిగా కాలడానికి పెట్రోలుకి దాని బరువుకి 14.7 రెట్లు గాలి కావాలి, ఇథనాల్‌కి తొమ్మిది రెట్లే చాలు. అంటే అదే జెట్టు నుంచి ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చినప్పుడు ఇంజన్‌కి గాలి ఎక్కువైనట్టే. ఆక్సిజన్ సెన్సర్ ఉన్న కొత్త బండి దాన్ని పసిగట్టి పెట్రోలు పెంచుకుంటుంది. కార్బురేటర్‌కి ఆ జ్ఞానం లేదు. ఎవరో మైలేజీ కోసం ముందే సూది దించి ఉంటే దాని మీద ఇది ఇంకో దెబ్బ. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కూడా. వానాకాలంలో నెలల తరబడి నిలిపిన బండి గిన్నె విప్పితే అడుగున తెల్లటి పొడి కనపడటానికి ఇదొక కారణం. జిగురు మాత్రం పెట్రోలు పాతబడటం వల్ల పడేది. పాత రబ్బరు పైపులు, సీళ్లు కొన్ని ఉబ్బుతాయి, కొన్ని పగులుతాయి.

అలాగని ప్రతి జబ్బునీ ఈ20 మీదికి నెట్టడం కూడా పని తప్పించుకోవడమే అవుతుంది. బామ్మర్ది బండికీ ముందు ఇంకోచోట ఇదే చెప్పారు. నా సలహా ఏంటంటే, బండిని మూడు నాలుగు వారాలకి మించి నిలపాల్సి వస్తే కాక్ మూసి గిన్నె కింది స్క్రూ వదులు చేసి పెట్రోలు దింపేయండి. పాత పైపులు, ఓరింగులు ఒకసారి మొత్తంగా మార్చేయండి, వాటికయ్యే ఖర్చు పెద్దదేమీ కాదు. అన్నీ బాగుండి కూడా మధ్య వేగాల్లో బండి కుదుపుతూ ప్లగ్గు తెల్లగా వస్తుంటే సూదిని ఒక గాడి పైకి లేపించండి. ఒక్క గాడే.

ఇవన్నీ అయ్యాక కూడా జబ్బు అలాగే ఉంటే, అప్పుడు విప్పండి. అప్పుడైనా ముందు చూపు, తర్వాతే స్క్రూడ్రైవర్. గిన్నె స్క్రూల తలలు చూడండి. గాడి చెదిరి గుండ్రంగా అరిగిపోయి ఉంటే లోపల చాలా చేతులు పడ్డాయని అర్థం. జపాన్ డిజైన్ కార్బురేటర్లలో ఆ స్క్రూల గాడి జపనీస్ కొలతది. మన మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ అందులో పూర్తిగా కూర్చోక జారి తలని తినేస్తుంది. సరైన మొన ఒకటి కొనిపెట్టుకోవడం మంచిది. గిన్నెలో పెట్రోలుని గాజు సీసాలోకి దింపి కాసేపు కదపకుండా ఉంచండి. అడుగున నీటి బుడగలున్నాయా, ఎర్రటి తుప్పు నలుసులున్నాయా చూస్తే ట్యాంకు సంగతి తెలిసిపోతుంది. మిశ్రమం స్క్రూ తీసేముందు దాన్ని మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకి ఆనిందో కాగితం మీద రాసుకోండి. గట్టిగా బిగిస్తే దాని మొన విరిగి రంధ్రంలోనే ఉండిపోతుంది. సూది క్లిప్పు ఏ గాడిలో ఉందో ఫోనుతో ఫొటో తీసుకోండి.

చిన్న జెట్టుని వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే గుండ్రటి వెలుగు చుక్క కనపడాలి. చిన్న బళ్లలో ఆ రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. వెలుగు అసలు కనపడకపోవడం తేలిక కేసు. అంచున పసుపు పొర పట్టి చుక్క కాస్త వంకరగా కనపడితే అదే మోసం చేసేది, బాగానే ఉందనుకుని మళ్లీ బిగించేస్తారు. క్లీనర్లో నానబెట్టి, గాలి కొట్టించి, మళ్లీ చూడాలి. జెట్టులోకి ఇనప తీగ, గుండుసూది దూర్చడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. జెట్టు ఇత్తడిది, మెత్తన. రంధ్రం వ్యాసం పదో వంతు పెరిగినా వైశాల్యం ఐదో వంతు పైనే పెరుగుతుంది. పైన చెక్కిన నంబరు మాత్రం పాతదే ఉంటుంది. ఆ తర్వాత ఎంత తెలివైన మెకానిక్ చూసినా నంబరు నమ్మి మోసపోతాడు. మొండిగా మూసుకుపోతే జెట్టే మార్చేయండి. గాలి కొట్టేముందు ఫ్లోటు, రబ్బరు సీళ్లు తీసేయాలి. క్లీనర్లో రబ్బరు ముంచకూడదు.

పెట్రోలు ఓవర్‌ఫ్లో అవుతుంటే ఫ్లోటు పిన్ను మొన చూడండి. కూర్చునే చోట గీత పడి గాడిలా తయారైతే అది ఇక మూయదు, కొత్తది వేయాల్సిందే. ఫ్లోటుని చెవి దగ్గర ఊపితే లోపల పెట్రోలు కదిలే శబ్దం వస్తే దానికి చిల్లు పడింది. స్లైడుని బాడీలో పెట్టి అటూ ఇటూ కదపండి. బాగా ఊగుతుంటే, పక్కలు మెరుస్తూ అరిగి ఉంటే ఎంత కడిగినా స్లో నిలకడగా ఉండదు. కార్బురేటర్ మొత్తం మార్చాలన్న మాట నిజమయ్యేది ఇలాంటప్పుడే. అప్పుడు ఒరిజినల్ వేయించండి. జెట్ల మీద నంబర్లు కూడా సరిగా లేని చవక డూప్లికేట్ కంటే మీ పాత బాడీలో కంపెనీ జెట్లు, పిన్ను, సీళ్లు కొత్తవి వేయడమే మేలు.

పల్సర్లలో చాలావాటికి, ఇంజెక్షన్ రాకముందు నాటి క్లాసిక్ 350కి ఉండేది వేరే రకం. అందులో స్లైడుని కేబుల్ లాగదు. పైనున్న పల్చటి రబ్బరు డయాఫ్రం గాలి పీడనంతో లేపుతుంది. స్లో బాగుండి రేజ్ మాత్రం ఎక్కకపోతే ఆ రబ్బరుని వెలుతురుకి పట్టి సూదిమొనంత చిల్లు ఉందేమో చూడండి. చాలాసార్లు అంతే.

బిగించాక సెట్టింగ్ చల్లటి ఇంజన్ మీద చేయకూడదు. నాలుగైదు కిలోమీటర్లు తిప్పి తెచ్చాక స్లోని బుక్‌లో ఉన్న చోట పెట్టండి. స్ప్లెండర్‌కైతే అది నిమిషానికి 1400 చుట్ల దగ్గర. తర్వాత మిశ్రమం స్క్రూ. అది ఫిల్టర్ వైపు ఉంటే గాలిది, లోపలికి తిప్పితే పెట్రోలు పాలు పెరుగుతుంది. ఇంజన్ వైపు ఉంటే పెట్రోలుది, లోపలికి తిప్పితే తగ్గుతుంది. ఈ తేడా తెలియకుండా తిప్పేవాళ్లు ఎక్కువ. ఇంజన్ అన్నిటికంటే చురుగ్గా, నిలకడగా తిరిగే చోటు పట్టుకుని అక్కడ ఆపండి. స్లో పెరిగితే స్లో స్క్రూతో మళ్లీ దించండి. యాక్సిలేటర్ చటుక్కున తిప్పి చూడండి, వెనకాడకుండా ఎక్కాలి, వదిలితే వేలాడకుండా దిగాలి.

కొనబోయే బండి ముందు నిలబడినవాళ్లకి ఇంకో రెండు సంగతులు. మీరు వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని అమ్మేవాడికి ఫోన్లోనే చెప్పండి. వెళ్లగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే చల్లటి స్టార్టింగ్ మీకు చూపించడం అతనికి ఇష్టం లేదన్నమాట, సాయంత్రం మళ్లీ వస్తానని చెప్పండి. తర్వాత ఇంజన్ ఆయిల్ పుల్ల తీసి వాసన చూడండి. పెట్రోలు కంపు కొట్టి ఆయిల్ పల్చగా జారుతుంటే ఫ్లోటు పిన్ను మూయక పెట్రోలు ఇంజన్లోకి దిగుతోందని అర్థం. ఆ ఆయిల్‌తో ఎంత దూరం తిరిగిందో ఎవరూ చెప్పలేరు. బేరింగులు, బోరు ఎలా ఉన్నాయో మెకానిక్ చేత చూపించకుండా అడ్వాన్సు ఇవ్వకండి. కొనేదే అయితే పిన్ను మార్చి, కొత్త ఆయిల్ పోయించాకే అక్కడినుంచి నడిపించుకుని రండి.